మూడో నంబరు బాయి

లాంగ్‌ఇయర్‌బైన్‌లో నేను దిగిన గెస్ట్‌హౌస్ గుమ్మం పక్కన ఒక బల్ల, బల్ల కింద వరసగా బూట్లు. పైన గోడకి ఒక కాగితం: దయచేసి బూట్లు విప్పి లోపలికి రండి. మర్నాడు చూస్తే ఆ ఊరి మ్యూజియంలో కూడా అంతే. ఉత్తర ధ్రువానికి 1300 కిలోమీటర్ల దూరంలో, చెట్టన్నది మొలవని చోట, మన ఇళ్ళల్లో లాగా చెప్పులు బయట విప్పించడం చూసి నవ్వొచ్చింది. మంచు వల్ల కాబోలు అనుకున్నాను. కాదట. ఒకప్పుడు ఊరంతా బొగ్గుగనిలో పనిచేసేవాళ్ళే. ఆ బూట్లతో లోపలికొస్తే ఇల్లంతా నలుపు. గనులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి గానీ అలవాటు మాత్రం ఉండిపోయింది.

అది విన్నాక నవ్వు ఆగింది. భూపాలపల్లిలో మా మేనమామ క్వార్టర్ గుమ్మం దగ్గర కూడా ఒక గోనె పట్టా ఉండేది. బాయి బూట్లు దాని మీదే ఆగాలి. దాటితే అత్తమ్మ ఊరుకునేది కాదు.

2023 సెప్టెంబరులో నేను స్వాల్‌బార్డ్‌కి పోయింది బొగ్గు కోసం కాదు. నిజం చెప్పాలంటే గొప్ప కోసం. అప్పటికి ఏడాదిగా ఒక ప్రాజెక్టు మీద ఓస్లోలో ఉంటున్నాను. మాలాంటి వాళ్ళకి గిట్‌హబ్ అంటే ఊరి రచ్చబండ లాంటిది, ఎవరి కోడ్ వాళ్ళు తెచ్చి అక్కడ పెడతారు. ఆ గిట్‌హబ్ వాళ్ళు 2020 ఫిబ్రవరి 2న తమ దగ్గర చురుగ్గా ఉన్న పబ్లిక్ కోడ్‌కి ఒక నకలు తీసి, 186 ఫిల్ము రీళ్ళ మీదికి ఎక్కించి, ఆ జులైలో స్వాల్‌బార్డ్‌లో ఒక మూతపడ్డ బొగ్గుగనిలో దాచిపెట్టారు. మొత్తం 21 టెరాబైట్లు. వెయ్యేళ్ళు చెక్కుచెదరదని వాళ్ళ మాట. అందులో నా కోడ్ కూడా ఉంది. ఎంత? నాలుగు లైన్లు. ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీలో తెలుగు వొత్తులు అక్షరం కింద నిలబడకుండా పక్కకి జారిపోతుంటే, ఒక ఆదివారం కూర్చుని సరిచేశాను. దాని పైన ఇంగ్లీషులో ఒక కామెంటు కూడా రాశాను: ఇది తాత్కాలికం, తర్వాత సరిగ్గా రాయాలి.

తర్వాత ఎప్పుడూ రాయలేదు. ఆ తాత్కాలికం ఇప్పుడు వెయ్యేళ్ళ పాటు మంచు కింద భద్రంగా ఉంటుంది. నా ప్రొఫైల్ మీద మాత్రం ఒక చిన్న బ్యాడ్జి వెలిసింది. ఆ బ్యాడ్జి ఫొటో తీసి పెడితే అభినందనలు వెల్లువెత్తాయి. ఆ గనిని చూపించే గైడెడ్ టూరు ఒకటుందని తెలిసి టికెట్టు కొన్నాను. మా ఊళ్ళో కూలీకి వారం రోజుల సంపాదన కంటే ఎక్కువే.

మా ఊరు లింగాల ఘనపూర్, జనగామ పక్కన. బయటివాళ్ళకి చెప్తే స్టేషన్ ఘనపూర్ అనుకుంటారు, కాస్త గుళ్ళూ గోపురాలూ తెలిసినవాళ్ళయితే కోటగుళ్ళున్న ఘనపురం అనుకుంటారు. మాకు స్టేషనూ లేదు, కోటగుళ్ళూ లేవు. జీడికల్ రామచంద్రస్వామి జాతర మా మండలంలోదే, చెప్పుకోవాలంటే అది. మిగతాదంతా వానను నమ్ముకున్న నేల.

మా వైపు బాయి అంటే పొలంలో నీళ్ళు తోడుకునే బాయే. భూపాలపల్లి, గోదావరిఖని వైపు పోతే బాయి అంటే బొగ్గుగని. బాయి పని, బాయి పైసలు, బాయికి పోయిండు. ఈ రెండర్థాల మధ్య బస్సెక్కి పోయినవాళ్ళు మా తాలూకాల్లో చాలామందే ఉంటారు. మామ తన కథ ఒక్క ముక్కలో చెప్పేవాడు: "ఊళ్ళె బాయి ఎండింది, గందుకే గా బాయిల దిగిన." జనగామ, హనుమకొండ, పరకాల, భూపాలపల్లి. ఎండాకాలం సెలవుల్లో ఆ బస్సుల్లో నేనూ పోయేవాణ్ణి. కోటగుళ్ళ ఘనపురం ఆ పక్కనే. ఒక ఘనపూర్‌లో పుట్టి ఇంకో ఘనపురం పక్కన బతుకుతున్నానని మామ జోకు. ఏటా ఒకసారైనా వేసేవాడు.

మామ టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. నాకప్పుడు అంతకంటే ఏమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉండేది, ఎంత రుద్దినా పోయేది కాదు. స్నానం చేసి ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని నులకమంచం మీద పడుకునేవాడు. బెల్లం ఎందుకంటే గొంతులో మసి దిగిపోతుందని. నైటు షిఫ్టు వారం అయితే పగలు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడకూడదు.

ఆయనకో అలవాటుండేది. ఎవరింటికి పోయినా చేతికర్రతో పైకప్పు మీద రెండుసార్లు కొట్టేవాడు. కర్ర లేకపోతే గొడుగు. కొట్టి, తల ఒక పక్కకి వంచి, ఒక్క క్షణం వినేవాడు. మా బాపు కొత్త ఇల్లు కట్టించినప్పుడు గృహప్రవేశం రోజు, పంతులు మంత్రాలు చదువుతుంటే, మామ వెనక గదిలో నిలబడి స్లాబు కొడుతున్నాడు. టక్, టక్. చుట్టాలంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వి ఉంటాను.

మామకి ఒక్కతే కూతురు. నాకు ఇంటర్ అయిపోయిన ఎండాకాలం, మా ఇంటి అరుగు మీద కూర్చుని బాపుతో ఒక మాట అన్నాడు. వారసత్వ ఉద్యోగాలు మళ్ళీ ఇస్తారని అంటున్నరు, కొడుకు లేకపోతే అల్లునికైనా ఇస్తరు, పిల్లకి పద్దెనిమిది నిండినంక పెండ్లి చేద్దాం, పిలగాడు నా నౌకరీల చేరుతడు. ఆ ఉద్యోగాలు వస్తాయని, రావని, ఏదో ఒక పుకారు ఆ రోజుల్లో నడుస్తూనే ఉండేది. మామ దానికి తన కూతుర్నీ, నన్నూ కలిపి ఒక లెక్క వేసుకున్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే తన చేతిలో ఉన్నదంతా తెచ్చి మా అరుగు మీద పెట్టాడు.

నేను లోపల ఉన్నాను. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వస్తుందన్న ధీమా ఉంది. పదిహేడేళ్ళ పొగరు ఉంది. అమ్మతో అన్నట్టే, బయటికి వినబడేటట్టు అన్నాను: "ఎలుక లెక్క బొక్కలల్ల దూరి బతుకుడు నాతోని కాదు."

అరుగు మీద మాట ఆగిపోయింది. కాసేపయ్యాక మామ లేచి, "బస్సు టైమయింది" అన్నాడు.

ఆ తర్వాత పెద్ద గొడవేమీ లేదు. మరదలు చదువుకుని హనుమకొండలో టీచరైంది, దాని పెళ్ళికి నేనే దగ్గరుండి పనులు చూశాను. మామ రిటైరై ఊరికొచ్చేశాడు. పండగలకి కలుస్తాం, నవ్వుకుంటాం. బాయి సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఇంకో సిగ్గుమాలిన విషయం చెప్పాలి. ఉద్యోగంలో చేరాక సాహిత్యం పిచ్చి పట్టి, జోలా 1885లో రాసిన 'జెర్మినల్' చదివి ఆరు పేజీల సమీక్ష రాశాను. అల్లం రాజయ్య సింగరేణి కథల్ని దాంతో పోల్చాను కూడా. గని లోపలి చీకటి గురించి ఒక పూర్తి పేరా ఉంది అందులో. పాతికేళ్ళు ఆ చీకట్లో పనిచేసిన మనిషి మా వీధి చివర ఉంటే, ఒక్క ఫోను చేసి అడగలేదు.

గ్రువె త్రే అంటే నార్వేజియన్‌లో మూడో నంబరు గని. ఊరి ఎయిర్‌పోర్టు పైన కొండకి ఉంది. 1971లో మొదలై 1996లో మూతపడింది. అమెరికన్ వ్యాపారి లాంగ్‌ఇయర్ ఈ ఊళ్ళో గని తెరిచింది 1906లో, ఊరి పేరు ఆయనదే. మన ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లోనే మొదలైంది, అంటే వీళ్ళకంటే 17 ఏళ్ళు ముందు. వ్యాన్‌లో కూర్చుని ఈ లెక్క వేసుకుంటే ఎందుకో కాస్త గర్వంగా అనిపించింది. ఇంకో సంగతి. స్వాల్‌బార్డ్‌లో ఉండటానికి, పనిచేసుకోవడానికి మనకి వీసా అక్కర్లేదు. 1920 నాటి ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల్లో అప్పటి బ్రిటిష్ ఇండియా కూడా ఉంది. నార్వే మీదుగా పోవాలి కాబట్టి ఆ దేశపు వీసా ఎలాగూ కావాలి, అది వేరే మాట. మన ప్రభుత్వం 2008లో తెరిచిన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్న న్యూ ఓలెసుండ్ కూడా ఒకప్పటి బొగ్గు ఊరే. 1962 నవంబరులో అక్కడి గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ గొడవ మీద మరుసటి ఏడు నార్వేలో ప్రభుత్వమే పడిపోయింది. గైడు ఇది చెప్పినప్పుడు వ్యాన్‌లో ఎవరూ మాట్లాడలేదు. గనిలో మనుషులు చనిపోతే ప్రభుత్వం పడిపోవడం అనే సంగతి నేను కాసేపు నమ్మలేకపోయాను.

గైడు స్వీడన్ అమ్మాయి. తను గనిలో ఒక్క షిఫ్టు కూడా చెయ్యలేదని ముందే చెప్పేసింది. తనకి తెలిసినదంతా పాత కార్మికుల దగ్గర విని నేర్చుకున్నదేనట. ఆ మాటతో నాకు ఆమె మీద గౌరవం కలిగింది. మాకందరికీ ఓవరాల్స్, హెల్మెట్లు, లైట్లు ఇచ్చారు. లోపల ఏడాదంతా సున్నాకి కొన్ని డిగ్రీలు కిందే. నేలంతా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీటి ఊట లేదు, తుప్పు కూడా తక్కువ. వర్క్‌షాపులో సామాన్లు చివరి షిఫ్టు వాళ్ళు వదిలిన చోటే ఉన్నాయి. పానాలు, కాఫీ కప్పులు, గోడకి తగిలించిన గ్లవుసులు. రేపు పొద్దున మళ్ళీ వస్తారన్నట్టు.

తర్వాత అసలు చోటు. ఇక్కడ బొగ్గు పొర ఎత్తు ఒక మీటరు కూడా ఉండదు. పైనా కిందా రాయి. రాయి తవ్వడం దండగ కాబట్టి బొగ్గు ఎంత ఎత్తుంటే అంత ఎత్తులోనే మనిషి పని. నిలబడటం లేదు, కూర్చోవడం లేదు. పక్కకి పడుకుని, మోచేతుల మీద పాకుతూ, షిఫ్టంతా. కావాలంటే మీరూ కాస్త దూరం పాకి చూడొచ్చు అంది గైడు. జర్మన్ ముసలాయన ఒకడు నవ్వుతూ వద్దన్నాడు. నేను దూరాను.

మూడు నాలుగు మీటర్లు పాకానేమో. హెల్మెట్ పైన రాయికి తగిలి టక్‌మంది. ఊపిరి నా చెవులకే గట్టిగా వినబడుతోంది. వెనక్కి తిరగడానికి చోటు లేదు, పాకిన దారినే వెనక్కి జరగాలి. అప్పుడు, ఆ మంచు రాయి కింద బోర్లా పడుకుని ఉండగా, మా ఇంటి అరుగూ, నేనన్న మాటా గుర్తొచ్చాయి. మాటంటే మాట కాదు, నా గొంతు యథాతథంగా. దానికి నేను టికెట్టు కొనుక్కుని మరీ వచ్చాను.

బయటికొచ్చాక గైడు ఒక కర్ర దిమ్మె దగ్గర ఆపింది. ఇనుప దిమ్మెలు వచ్చాక కూడా పాతవాళ్ళు కర్రనే ఇష్టపడేవారట. పైన బరువు పెరిగితే కర్ర ముందే కిర్రుమంటుంది, చిట్లుతుంది, పారిపోవడానికి కాస్త సమయం ఇస్తుంది. ఇనుము చెప్పాపెట్టకుండా వంగిపోతుంది. ఇంకోటి, పైకప్పుని కర్రతో కొట్టి వినేవారట. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయి ఊడటానికి సిద్ధంగా ఉంటే డొల్లగా, డబ్బుమని పలుకుతుంది. ఆమె కొట్టి చూపించింది. టక్, టక్. తల ఒక పక్కకి వంచింది.

నేను వెనక్కి జరిగి చీకట్లో నిలబడ్డాను. హెల్మెట్ లైటు ఆపేశాను, మొహం కనబడకుండా.

ఇలాంటి టూర్లని ఇక్కడ ఇండస్ట్రియల్ హెరిటేజ్ అంటారు. తెలుగు పేపర్ల భాషలో పారిశ్రామిక వారసత్వం. స్వాల్‌బార్డ్‌లో చట్టం ఏమిటంటే, 1946కి ముందు మనిషి వదిలిన ప్రతి ఆనవాలూ దానంతట అదే రక్షిత సంపద. పాత గని ముందు పడి ఉన్న తుప్పు మేకు కూడా తియ్యకూడదు. లోయ పొడవునా బొగ్గు తొట్లు మోసిన రోప్‌వే కర్ర స్తంభాలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆజంజాహీ మిల్లు మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. 1934లో ఏడో నిజాం కాలంలో మొదలైన మిల్లు, 2002లో మూతపడింది. ఆ స్థలంలో ప్లాట్లు పడ్డాయి. నార్వే వాళ్ళు గొప్ప, మనం కాదు అని తేల్చేద్దామని కాదు. రెండు మూడు వేల మంది ఉండే దీవిలో మేకు కాపాడటం వేరు, ఇంటి స్థలం కోసం జనం కొట్టుకునే చోట మిల్లు కాపాడటం వేరు. మనదగ్గర కూడా ఆర్టీసీ 2022 చివర్లో 'సింగరేణి దర్శన్' అని గోదావరిఖని నుంచి బస్సు టూరు మొదలుపెట్టింది. పోయినవాళ్ళు బాగుందనే చెప్పారు.

నా ఇబ్బంది ఆ మాటతో. బొగ్గుబాయిల దగ్గర వారసత్వం అంటే ఎవరికీ మ్యూజియం గుర్తురాదు. తండ్రి దిగిన బాయిలోకి కొడుకు దిగడం, అంతే. దాని కోసం ధర్నాలు చేశారు, ఎన్నికల్లో హామీలు ఇచ్చారు, పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నారు. పని బతికున్నచోట వారసత్వం అంటే నౌకరీ, పని చచ్చినచోట టూరు. మామ ఇస్తానన్నది మొదటిది. నేను డబ్బులిచ్చి కొనుక్కున్నది రెండోది. ఆయన ఇచ్చింది వద్దన్నందుకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ఆ పెళ్ళి జరిగి ఉంటే మరదలు నన్నూ, నేను దాన్నీ ఎంత కాలం భరించేవాళ్ళమో తెలియదు. వద్దన్న తీరు వేరే సంగతి.

చివర్లో మా 'ఖజానా' దగ్గరికి తీసుకెళ్ళారు. గని లోపల ఒక గది, దానికి ఉక్కు తలుపు, తాళం. ఇంతే. తలుపు తెరవరు. లోపల ఎన్నో దేశాల దస్తావేజులతో పాటు నా నాలుగు లైన్లు. పక్కన ఉన్న వాళ్ళకి చెప్దామని టూరంతా దాచుకున్న మాట అది. చెప్పలేదు. ఇదే గనిలో నార్డిక్ దేశాల విత్తనాలు 1984 నుంచి ఒక కంటైనర్‌లో ఉన్నాయి, చలిలో ఎన్నేళ్ళు మొలకశక్తి ఉంటుందో చూసే నూరేళ్ళ ప్రయోగం. 2008లో కట్టిన పెద్ద విత్తన భాండాగారానికి అదే నాంది. ఆ పెద్దదీ ఈ కొండ మీదే. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వచ్చిన జొన్న, సజ్జ, కంది, వేరుశనగ విత్తనాలు దాంట్లో ఉన్నాయి. మామ వాళ్ళ నాయన వేసిన పచ్చజొన్న రకం కూడా ఉందేమో. ఉంటే బాగుండు. కోడ్ కంటే ముందు దాచాల్సినవి అవే.

నేను వచ్చిన నెలకే లాంగ్‌ఇయర్‌బైన్ బొగ్గు కరెంటు ఆపేసి డీజిల్‌కి మారింది. మిగిలిన ఒకే ఒక్క ఏడో నంబరు గని కూడా 2025 జూన్‌లో మూతపడింది. నూరేళ్ళు దాటిన పని, ఇప్పుడు పూర్తిగా టూరు.

2024 సంక్రాంతికి ఊరికి పోయాను. భోగి మర్నాడు మధ్యాహ్నం మామ ఇంటికి పోయి ఫోన్‌లో వీడియో పెట్టాను. మోకాళ్ళ మీద ఫోన్ పెట్టుకుని, అద్దాలు తుడుచుకుని, సినిమా చూసినట్టు కాదు, లోపం పట్టడానికి చూశాడు.

"నీళ్ళు లెవ్వా గీడ? పంపులు కనబడ్తలేవు."

"నేలంత గడ్డకట్టి ఉంటది మామా. ఊట ఉండదు."

"మంచిగున్నది. మాకు సగం పని నీళ్ళతోనే." కాసేపాగి, "గింత సందులనా పని? పండుకొనా?"

"ఆ, పండుకొనే. నేను సుత దూరిన."

నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. వీడియోలో కర్ర దిమ్మె వచ్చింది. వేలితో చూపించి, దిమ్మె మీద అడ్డచెక్క సరిగ్గా కూర్చోలేదని, ఎవడో చూపించడానికి పెట్టినట్టుంది గానీ పని తెలిసినోడు పెట్టింది కాదని అన్నాడు. గైడు పైకప్పు కొట్టిన చోట మాత్రం ముందుకు వంగాడు. "గీ పోరికి ఎవరో మంచిగనే నేర్పిండ్రు" అన్నాడు.

నేను ఓస్లో నుంచి మోసుకొచ్చిన మాట అప్పుడు తీశాను. "మామా, ఇంటర్ అయినప్పుడు, మా అరుగు మీద... నేనొక మాట అన్న."

"ఏ మాట?"

ఆ మాట మళ్ళీ నోటితో అనడం నా వల్ల కాలేదు. మామ ఫోన్ వంకే చూస్తూ ఉన్నాడు.

"బాయిల ఎలుకలుంటయి, తెల్సా నీకు?" అన్నాడు కాసేపయ్యాక. "మా టిఫిన్ డబ్బాల కోసం దిగుతయి. కొత్తల మేము తరిమేటోళ్ళం. ముసలోళ్ళు తిట్టిండ్రు. అవి ఉండాలెరా, అవి ఉరికినయంటె మనం సుత ఉరుకుడే, కప్పు కూలెటిది మనకంటె ముందు వాటికే తెలుస్తది, అని. నా వంతు రొట్టెల ముక్క తుంపి పెట్టేటోణ్ణి రోజు."

అత్తమ్మ చాయ్, సకినాలు తెచ్చి పెట్టింది. మామ ఫోన్ నా చేతికిచ్చాడు.

"గా కప్పు కొట్టే కాడికి మళ్ళొకపారి పెట్టు" అన్నాడు. "సౌండు పెంచు."